పాఠకుల ప్రశ్నలు: అమెరికా పక్కకు జరిగితే యూరప్‌కు కాపలా ఎవరు?

అమెరికా, కెనడా, యూరప్ దేశాల సైనిక కూటమి అయిన నాటో గురించి, యూరప్ రక్షణ గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట ఒకరి ఉత్తరమే వేశాం. కొన్నిటిని కుదించాం.

ప్రశ్న: నాటోలో ఒక దేశం మీద దాడి జరిగితే మిగతా 31 దేశాలూ యుద్ధంలోకి దిగాల్సిందేనని చదివాను. అలాంటప్పుడు అమెరికా రానంటే ఒప్పందం తప్పినట్టే కదా? (తెనాలి)

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు. కానీ 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో సంతకమైన ఒప్పందంలో అంత గట్టి మాట లేదు. యూరప్‌లో గానీ ఉత్తర అమెరికాలో గానీ ఒక సభ్యదేశం మీద సాయుధ దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే భావిస్తామని ఆర్టికల్ 5 అంటుంది. ఇంతవరకు మీరు చదివింది సరే. మెలిక ఆ తర్వాత ఉంది. ప్రతి దేశమూ తనకు అవసరమని తోచిన చర్య తీసుకుంటుంది, సైన్యాన్ని దించడం ఆ చర్యల్లో ఒకటి మాత్రమే. యుద్ధం ప్రకటించే అధికారం అమెరికాలో కాంగ్రెస్‌ది కాబట్టి అమెరికన్లు పట్టుబట్టి పెట్టించుకున్న వెసులుబాటు ఇది. మందులు, దుప్పట్లు పంపి ఊరుకున్నా కాగితం మీద ఒప్పందం తప్పినట్టు కాదు.

అందుకే భరోసా ఎంతన్నది సరిహద్దులో ఎవరి సైనికులు ఉన్నారన్నదాన్ని బట్టి తేలుతుంది. 2017 నుంచి ఎస్తోనియాలో బ్రిటన్, లాత్వియాలో కెనడా, లిథువేనియాలో జర్మనీ, పోలండ్‌లో అమెరికా ముందుండి నడిపే దళాలు ఉన్నాయి. 2022 తర్వాత స్లొవేకియా, హంగరీ, రొమేనియా, బల్గేరియాలలోనూ పెట్టారు. మొదటి గంటలోనే తమ పిల్లలు కాల్పుల్లో చిక్కుకుంటే ఏ ప్రభుత్వమూ ఏం చేయాలా అని తీరిగ్గా కూర్చుని ఆలోచించదు. ఆ దళాలను అక్కడ పెట్టడంలో ఆంతర్యం అదే.

ఇక పద్ధతి సంగతి. బ్రస్సెల్స్‌లో 32 దేశాల రాయబారుల మండలి కూర్చుంటుంది. ఓటింగ్ ఉండదు, అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు అడ్డం తిరిగితే ఆగిపోతుంది. ఇప్పటిదాకా ఆర్టికల్ 5 వాడింది ఒకే ఒక్కసారి, 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, అదీ అమెరికా కోసం. ఎక్కువగా వాడేది ఆర్టికల్ 4, అంటే ప్రమాదం ఉందనిపించినప్పుడు సంప్రదింపులకు పిలవడం. 2025 సెప్టెంబర్‌లో ఇరవై వరకు రష్యా డ్రోన్లు పోలండ్‌లోకి చొరబడినప్పుడు పోలండ్, అదే నెలలో రష్యా యుద్ధవిమానాలు మూడు మిగ్-31లు తన గగనతలంలో 12 నిమిషాలు తిరిగినప్పుడు ఎస్తోనియా ఈ ఆర్టికల్ కిందే పిలిచాయి.

ఇంకో విషయం. యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని 42వ ఆర్టికల్, ఏడో క్లాజు మాటల్లో నాటోకన్నా గట్టిది: దాడికి గురైన సభ్యదేశానికి మిగతావాళ్లు తమ శక్తిలో ఉన్న అన్ని మార్గాల్లో సాయం చేయాలి. 2015 నవంబర్‌లో పారిస్ దాడుల తర్వాత ఫ్రాన్స్ దీన్ని వాడింది. కానీ దాని వెనక నాటోకున్నంత కమాండ్ యంత్రాంగం గానీ, అలాంటి యుద్ధ ప్రణాళికలు గానీ లేవు. నాటోకు బెల్జియంలోని మాన్స్ పట్టణంలో సైనిక హెడ్‌క్వార్టర్స్ ఉంది, 2023 విల్నియస్ సదస్సులో ఆమోదించిన మూడు ప్రాంతీయ ప్రణాళికలు ఉన్నాయి, 30 రోజుల్లో 3 లక్షల మందిని కదిలించే లెక్క ఉంది. తేడా అక్కడ ఉంది.

ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో నాటో నుంచి బయటకు రాగలడా? (హన్మకొండ, లా విద్యార్థి)

జవాబు: ఆర్టికల్ 13 ప్రకారం ఏడాది ముందు నోటీసు ఇస్తే ఏ దేశమైనా వెళ్లిపోవచ్చు. తమాషా ఏమిటంటే, ఆ నోటీసు ఇవ్వాల్సింది అమెరికా ప్రభుత్వానికే. ఒప్పందం అసలు ప్రతి వాళ్ల దగ్గరే ఉంది మరి. 2023 డిసెంబర్‌లో వచ్చిన రక్షణ చట్టం ఈ దారికి అడ్డం పెట్టింది. సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఆమోదం గానీ, కాంగ్రెస్ చేసిన చట్టం గానీ లేనిదే అధ్యక్షుడు నాటోను వదలడానికి లేదు. కోర్టుకెక్కితే ఈ నిబంధన నిలుస్తుందా అన్నది వేరే చర్చ.

నిజానికి బయటకు పోనక్కర్లేదు. ఉంటూనే చెయ్యి సడలించవచ్చు. 2025 అక్టోబర్‌లో రొమేనియాలో ఉన్న ఒక అమెరికా బ్రిగేడ్‌ను (పెద్ద సైనిక దళం) స్వదేశంలోని కెంటకీకి తిప్పి పంపి, దాని స్థానంలో మరొకటి పంపలేదు. అక్కడ సుమారు వెయ్యిమంది మిగిలారు. ఆ తర్వాత కాంగ్రెస్ 2026 రక్షణ చట్టంలో ఒక గీత గీసింది. యూరప్‌లో అమెరికా బలగం 45 రోజులకు మించి 76,000 కంటే తగ్గాలంటే, అది దేశ భద్రతకు మంచిదేనని ముందు కాంగ్రెస్‌కు ధ్రువీకరించి చెప్పాలి. ఇది నిషేధం కాదని గమనించండి. కారణం రాసిచ్చి తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: యూరప్ సైనికులందరినీ కలిపితే రష్యాకు సరితూగుతారంటారు. డబ్బుకూ కొదవ లేదు. మరి ఎందుకింత భయం? (రాజమహేంద్రవరం)

జవాబు: తలలు లెక్కేస్తే సరిపోతుంది. యుద్ధం నడవడానికి కావాల్సిన మిగతా సరంజామాలో పెద్ద వాటా అమెరికాది. 2025 మార్చి మొదటి వారంలో అమెరికా ఉక్రెయిన్‌కు ఆయుధాలతో పాటు నిఘా సమాచారాన్ని కూడా ఆపేసింది. సౌదీలోని జెడ్డాలో ఉక్రెయిన్‌తో చర్చల తర్వాత మార్చి 11న మళ్లీ మొదలుపెట్టింది. ఆ వారం రోజుల్లో యూరప్ రాజధానులకు అర్థమైంది ఇదే: ఫిరంగి మనదే అయినా ఎక్కడ కొట్టాలో చెప్పే కళ్లు వాళ్లవి.

ముందు ఆ కళ్ల సంగతి చూద్దాం. జర్మనీలోని గైలెన్‌కిర్షెన్‌లో నాటో రాడార్ విమానాలు ఉన్నాయి. ఇ-3 అంటారు, నెత్తిన పెద్ద పళ్లెం తిరుగుతూ ఉంటుంది. అవి పాతబడ్డాయి. బదులుగా ఆరు ఇ-7 విమానాలు కొనాలనుకున్నారు. అమెరికా తన కొనుగోలు నుంచి తప్పుకోవడంతో 2025 నవంబర్‌లో ఆ పథకం కూలిపోయింది. గాల్లో ఇంధనం నింపే ట్యాంకర్లలో యూరప్‌ది ఉమ్మడి దళం ఒకటి నెదర్లాండ్స్‌లోని ఐంద్‌హోవెన్ కేంద్రంగా నడుస్తోంది. మంచి దళమే, చిన్నది. భారీ రవాణా విమానాల విషయానికొస్తే, పలు దేశాలు కలిసి హంగరీలోని పాపా స్థావరంలో పెట్టుకున్న సి-17లు మూడంటే మూడు.

గగన రక్షణ దగ్గర లోటు మరీ ఎక్కువ. శత్రు క్షిపణులను గాల్లోనే కూల్చే అమెరికా వ్యవస్థ పేట్రియాట్. దాని ఒక బ్యాటరీ అంటే రాడార్, కంట్రోల్ కేబిన్, జనరేటర్ లారీ, కొన్ని లాంచర్లు. అవి కొనడం తేలికే. ఆ లాంచర్లలో నింపే క్షిపణులు నెల తిరక్కుండా ఖాళీ అవుతాయి. వచ్చే ప్రతి బాలిస్టిక్ క్షిపణికీ మామూలుగా రెండేసి వదలాలి. వాటి తయారీ అంత త్వరగా పెరగదు. 2025 జులైలో అమెరికా స్విట్జర్లాండ్‌కు 'మీ పేట్రియాట్లు ఆలస్యమవుతాయి, ఉక్రెయిన్‌కు పోయేవి ముందు' అని కబురు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో డెన్మార్క్ పేట్రియాట్‌ను కాదని ఫ్రాన్స్, ఇటలీల శాంప్-టి వ్యవస్థను ఎంచుకుంది. డెలివరీ ఎప్పుడు, రేపు విడిభాగాలు ఎవరిస్తారు అన్న లెక్కలు ఇప్పుడు ధరతో సమానంగా చూస్తున్నారు. మా అంచనాలో ఈ లోటుల్లో ట్యాంకర్లు, క్షిపణులు ఈ దశాబ్దం చివరికి కొంత తీరతాయి. ఉపగ్రహాలు, కమాండ్ వ్యవస్థ అంత త్వరగా తీరవు.

ప్రశ్న: ఫిరంగి గుండు చేయడం ఏమంత బ్రహ్మవిద్య? పది లక్షల గుండ్లు ఇస్తామని ఇవ్వలేకపోయారట. (గుంటూరు, నూనె మిల్లు యజమాని)

జవాబు: మీలాంటివాళ్లు అడగాల్సిన ప్రశ్నే, ఎందుకో చివర్లో తెలుస్తుంది. 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ ఏడాదిలో పది లక్షల గుండ్లు ఉక్రెయిన్‌కు ఇస్తామంది. గడువుకు చేరినవి సగం.

155 మిల్లీమీటర్ల గుండు బరువు దాదాపు 45 కిలోలు. లోపల పేలుడు పదార్థం రకాన్ని బట్టి 7 నుంచి 11 కిలోలు. ఉక్కు దిమ్మెను వెయ్యి డిగ్రీలు దాటేలా కాల్చి, ప్రెస్ కింద గుచ్చి గొట్టంలా సాగదీస్తారు. ముక్కు భాగాన్ని సన్నగా నొక్కి, వేడి చేసి చల్లార్చి గట్టిపరిచి, లేత్ మీద సాపు చేస్తారు. అడుగు భాగాన రాగి పట్టీ బిగిస్తారు. బారెల్ లోపలి మెలికల గాడులను అది పట్టుకోబట్టే గుండు గిర్రున తిరుగుతూ సూటిగా పోతుంది. తర్వాత టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం నింపడం. అది 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగించి పోయడం పెద్ద పని కాదు, చల్లార్చడమే పని. తొందరపడితే లోపల గాలి బుడగలు, పగుళ్లు ఏర్పడతాయి. అలాంటి గుండును పేల్చితే బారెల్‌లోనే పేలి ఫిరంగి సిబ్బందిని చంపవచ్చు. అందుకే గుండ్లను ఎక్స్‌రే తీసి చూస్తారు. షిఫ్టులు పెంచినా ఈ చల్లార్చే సమయం తగ్గదు.

టీఎన్‌టీని పెద్ద ఎత్తున తయారుచేసే ఫ్యాక్టరీ యూరోపియన్ యూనియన్‌లో చాన్నాళ్లుగా ఒక్కటే, పోలండ్‌లోని బిద్గోష్చ్‌లో. గుండును తోసే మందుకు నైట్రోసెల్యులోజ్ కావాలి. అది పత్తితో చేస్తారు. దూదితో కాదు, జిన్నింగ్ అయ్యాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగుతో. మీ మిల్లుకు వచ్చే గింజల మీద ఉండేది అదే, లింటర్ అంటారు. యూరప్ ఈ లింటర్‌ను ఎక్కువగా చైనా నుంచి తెచ్చుకుంటోంది. రష్యాతో వాణిజ్యం పెంచుకుంటున్న దేశం ఇచ్చే నూగు మీద తమ ఫిరంగులు ఆధారపడ్డాయని తెలిశాక, ఇప్పుడు కలప గుజ్జుతో చేసే పద్ధతుల వైపు చూస్తున్నారు.

మరో చిక్కు: 155 అని రాసి ఉన్న ప్రతి గుండూ ప్రతి ఫిరంగికీ కచ్చితంగా కుదరదు. మందు సంచులు వేరు, ఫ్యూజులు వేరు, ఎంత దూరం పోతుందో చెప్పే పట్టికలు వేరు. పట్టిక లేని గుండును కాల్చవచ్చు, ఎక్కడ పడుతుందో సరిగ్గా చెప్పలేరు. రకరకాల దేశాల గుండ్లు కలిపి వాడుతున్న ఉక్రెయిన్‌లో ఈ తిప్పలు తెలిసినవే.

కంపెనీలు కూడా ఏళ్లకు సరిపడా ఆర్డర్ చేతికి రానిదే కొత్త షెడ్డు కట్టవు. ఒప్పందాలు వచ్చాక కదలిక వచ్చింది. జర్మనీలోని ఉంటర్‌లూస్‌లో ఆయుధ కంపెనీ రైన్‌మెటాల్ 2025 ఆగస్టులో తెరిచిన ఫ్యాక్టరీ 2027 నాటికి ఏడాదికి 3,50,000 గుండ్లు చేయాలన్నది లక్ష్యం.

ప్రశ్న: జీడీపీలో 5 శాతం రక్షణకు పెడతామన్నారు. అంత సొమ్ము నిజంగా తుపాకులకే పోతుందా? (అనంతపురం)

జవాబు: లేదు. 2025 జూన్‌లో హేగ్‌లో జరిగిన నాటో సదస్సు పెట్టిన లక్ష్యంలో రెండు పద్దులు ఉన్నాయి. అసలు రక్షణ ఖర్చు 3.5 శాతం. రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటివాటికి 1.5 శాతం. గడువు 2035, మధ్యలో 2029లో ఒకసారి సమీక్ష. స్పెయిన్ అప్పుడే 2.1 శాతం చాలునంది. సైనికుల పెన్షన్లు కూడా మొదటి పద్దులో కలుస్తాయి. రెండో పద్దు మరీ వదులు. సిసిలీని ఇటలీ ప్రధాన భూభాగంతో కలిపే మెస్సినా వంతెనను కూడా ఇందులో చూపించాలన్న ఆలోచన రోమ్‌లో నడిచింది. శాతాల ప్రకటన చూసినప్పుడు రెండో పద్దును పక్కన పెట్టి 3.5 వైపే చూడండి.

డబ్బు ఎక్కడిదంటే, యూరోపియన్ యూనియన్ ప్రకటించిన 80,000 కోట్ల యూరోల్లో 65,000 కోట్లు దేశాలు తమ బడ్జెట్ నిబంధనలు సడలించుకుని తామే అప్పు తెచ్చుకుంటే వచ్చే అంచనా. నిజంగా యూనియన్ ఇచ్చేది 15,000 కోట్ల యూరోల 'సేఫ్' రుణం. 45 ఏళ్ల దాకా గడువు, మొదటి పదేళ్లు అసలు కట్టనక్కర్లేదు. దీంతో కొనే ఆయుధాల విడిభాగాల విలువలో కనీసం 65 శాతం యూరోపియన్ యూనియన్, దాని దగ్గరి భాగస్వామి దేశాలు, ఉక్రెయిన్‌ల నుంచి రావాలి. పోలండ్‌కు అందరికన్నా ఎక్కువ కేటాయించారు, సుమారు 4,370 కోట్ల యూరోలు. జర్మనీకి ఈ రుణం అక్కర్లేదు. 2025 మార్చిలో రాజ్యాంగం సవరించి, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చును అప్పుల పరిమితి నుంచి తప్పించింది.

ప్రశ్న: లిథువేనియాకు ట్యాంకులు రైల్లో పంపేటప్పుడు గేజ్ సమస్య ఉంటుందా? (కాజీపేట, రైల్వే ఉద్యోగి)

జవాబు: ఉంటుంది. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. పోలండ్, జర్మనీలది 1,435. జార్ల కాలం నుంచి వచ్చిన గేజ్ బాల్టిక్ దేశాల్లో (ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా) ఇప్పుడు 1,520. పోలండ్ సరిహద్దు నుంచి లిథువేనియాలోని కౌనస్ దాకా 1,435 లైను 2015లో వేశారు. అక్కడి నుంచి ఉత్తరానికి ఇంకా పాత గేజే. కాబట్టి లాత్వియాకో ఎస్తోనియాకో పోయే ట్యాంకును దారిలో దించి వేరే వ్యాగన్ ఎక్కించాలి. పోలండ్ రాజధాని వార్సా నుంచి ఎస్తోనియా రాజధాని టాలిన్‌ను కలిపే రైల్ బాల్టికా ఈ తిప్పలు తప్పించడానికే, లక్ష్యం 2030.

గేజ్ ఒక్కటే కాదు. లెపర్డ్-2 ట్యాంకు 60 టన్నులు దాటుతుంది, వెడల్పు 3.7 మీటర్లు. మీ భాషలో ఓడీసీ, అంటే మామూలు కొలతలు మించిన సరుకు. కొన్ని సొరంగాల్లో, ప్లాట్‌ఫాంల పక్కన పట్టదు, పక్క లైన్ ఆపాలి, దారి ముందే పరిశీలించాలి. ఆరు ఇరుసుల ఫ్లాట్ వ్యాగన్లు తగినన్ని లేవు, ఉన్నవి ప్రైవేట్ కంపెనీల చేతుల్లో ఉన్నాయి. రోడ్డు మీదకు వస్తే ఇరుసుకింత బరువు అన్న నిబంధనలు ఒక్కో దేశానివి ఒక్కో రకం. ఒక దేశం ట్యాంకులను పక్క దేశం ఈ కారణంగా రోడ్డు మీద పోనివ్వలేదని యూరప్ ఆడిటర్లే రాశారు. సైనిక రవాణాకు మూడు పనిదినాల్లో అనుమతి ఇవ్వాలన్నది యూరప్ లక్ష్యం, అన్ని దేశాలూ పాటించడం లేదు.

ఈ దారంతా పోలండ్, లిథువేనియాల మధ్య సువాల్కి అనే సన్నని భూభాగం గుండా పోతుంది. నేరుగా కొలిస్తే 65 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒకవైపు రష్యాకు చెందిన కలినిన్‌గ్రాద్, మరోవైపు బెలారస్. యుద్ధం మొదలయ్యాక ఈ దారిలో ట్యాంకులు పంపడం కష్టమనే జర్మనీ ముందుగానే 5,000 మందితో ఒక బ్రిగేడ్‌ను లిథువేనియాలో శాశ్వతంగా పెడుతోంది, 2027 నాటికి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ ఇలా పరాయి గడ్డ మీద శాశ్వతంగా బ్రిగేడ్ పెట్టడం ఇదే మొదలు.

ప్రశ్న: యూరప్ దేశాలు కొన్న ఎఫ్-35 యుద్ధవిమానాలను అమెరికా దూరం నుంచే ఆపేయగలదంటున్నారు. నిజమేనా? (కర్నూలు)

జవాబు: అలాంటి మీట ఉందనడానికి బహిరంగంగా ఆధారం లేదు. దాని అవసరమూ లేదు. శత్రు రాడార్లు ఎలా ఉంటాయో విమానానికి చెప్పే డేటా ఫైళ్లు చాలావరకు ఫ్లోరిడాలోని ఎగ్లిన్ స్థావరంలో తయారవుతాయి. విడిభాగాలు ఉమ్మడి గోదాం నుంచి వస్తాయి, మరమ్మతుల లెక్క అమెరికా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఇవి ఆగితే విమానం ఆ రోజే కూలదు. కొత్త రాడార్లను గుర్తుపట్టలేక, టైర్లూ సీళ్లూ దొరకక, వారాలు గడిచేకొద్దీ హ్యాంగర్లలో మిగిలిపోయేవి ఎక్కువవుతాయి. అందుకే సేఫ్ రుణం నిబంధనల్లో, సంక్లిష్టమైన ఆయుధాల విషయంలో మూడో దేశం అనుమతి లేకుండా డిజైన్ మార్చుకోగలగాలన్న షరతు పెట్టారు. ఆ షరతు ఎవరిని ఉద్దేశించిందో వేరే చెప్పాలా!

ప్రశ్న: అమెరికా అణు గొడుగు (తన అణ్వాయుధాలతో మిత్రదేశాలను కాపాడతానన్న భరోసా) తీసేస్తే ఫ్రాన్స్, బ్రిటన్ చాలవా? (విజయనగరం)

జవాబు: అంచనాల ప్రకారం ఫ్రాన్స్ దగ్గర 290, బ్రిటన్ దగ్గర 225 అణు బాంబులు ఉన్నాయి. రష్యావి వేలల్లో ఉన్నాయి. భయపెట్టడానికి సంఖ్య సరిపోవచ్చు, సమస్య ఎవరు నొక్కుతారన్నదే. ఫ్రాన్స్‌లో నిర్ణయం ఒక్క అధ్యక్షుడిది, నాటో అణు ప్రణాళిక బృందంలో ఆ దేశం కూర్చోదు కూడా. బ్రిటన్‌లో నిర్ణయం ప్రధానిదే, బాంబులూ సొంతవే, కానీ వాటిని మోసే ట్రైడెంట్ క్షిపణులు అమెరికాతో ఉమ్మడి నిల్వలోవి. 2025 జులైలో రెండు దేశాలూ తమ అణుశక్తులను అవసరమైతే సమన్వయం చేసుకుంటామని ప్రకటించాయి. ప్రకటన వరకు బాగుంది. జర్మనీలోని బ్యూకెల్, బెల్జియంలోని క్లైనె బ్రోగెల్, నెదర్లాండ్స్‌లోని ఫోల్కెల్ లాంటి స్థావరాల్లో ఉన్నాయంటున్న అమెరికా బాంబులకు ఈ రెండూ ఇంకా ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న: డెన్మార్క్ అధీనంలోని గ్రీన్‌లాండ్ విషయంలో అమెరికాయే ఆ దేశం మీదకు వస్తే ఆర్టికల్ 5 ఎవరి పక్షం? (ఖమ్మం)

జవాబు: సభ్యుడే సభ్యుడి మీద పడితే ఏం చేయాలో ఒప్పందంలో రాసిలేదు, బహిష్కరించే నిబంధనా లేదు. దగ్గరి ఉదాహరణ 1974. టర్కీ సైప్రస్‌లో దిగినప్పుడు నాటో చేసిందేమీ లేక, గ్రీస్ కోపంతో సైనిక కమాండ్ నుంచి బయటికి వెళ్లి 1980లో గానీ తిరిగి రాలేదు. గ్రీన్‌లాండ్‌లో అమెరికాకు కావాల్సిన స్థావరాల హక్కు 1951 ఒప్పందంతోనే ఉంది, పిటుఫిక్ స్థావరం అలాగే నడుస్తోంది. 2026 జనవరిలో గ్రీన్‌లాండ్ విషయంలోనే ఎనిమిది యూరప్ దేశాల మీద సుంకాలు వేస్తానని ట్రంప్ బెదిరించి, దావోస్‌లో వెనక్కి తగ్గారు. ముప్పు తప్పిందేమో గానీ, కోపెన్‌హాగెన్‌లో అమెరికా మాట మీద నమ్మకం అంత తేలిగ్గా తిరిగి రాదు.

ప్రశ్న: యూరప్ ఆయుధాల కొనుగోళ్లలో మన హైదరాబాద్‌కు ఏమైనా పని దొరుకుతుందా? (ఇబ్రహీంపట్నం)

జవాబు: దొరుకుతోంది. మీకు దగ్గర్లోని ఆదిబట్లలో టాటా-బోయింగ్ ఫ్యాక్టరీ అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలాజ్‌లు, అంటే ప్రధాన దేహభాగాలు చేస్తోంది. పోలండ్ 2024 ఆగస్టులో 96 అపాచీలకు ఒప్పందం చేసుకుంది. రఫేల్ ఫ్యూజలాజ్‌ల కోసం 2025 జూన్‌లో ఫ్రాన్స్ కంపెనీ దసో, టాటాలు ఒప్పందం చేసుకున్నాయి, హైదరాబాద్‌లోనే. కానీ సేఫ్ సొమ్ముతో కొనే వాటిలో మన భాగాలు ఆ బయటి 35 శాతం వాటాలోకి వస్తాయి. అమెరికా, కొరియా కంపెనీలూ అదే వాటాకు పోటీ.

ప్రశ్న: మా అమ్మాయి కౌనస్‌లో మెడిసిన్ చదువుతోంది. మా తమ్ముడి కొడుకు జర్మనీలో ఎంఎస్. వార్తలు చూస్తే నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (నల్గొండ, ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు జర్మనీ సంగతి. అక్కడి కొత్త సైనిక సేవ చట్టం జర్మన్ పౌరులకే. 2008లో, ఆ తర్వాత పుట్టిన మగపిల్లలు ప్రశ్నాపత్రం నింపి పంపాలి, చేరడం ప్రస్తుతానికి స్వచ్ఛందమే. భారత పాస్‌పోర్ట్ ఉన్న విద్యార్థికి వర్తించదు.

కౌనస్‌లో యుద్ధం వచ్చేస్తుందని అమ్మాయిని చదువు మాన్పించాల్సిన పరిస్థితి లేదు. అక్కడ ఇప్పుడు నిజంగా జరుగుతున్నది వేరు. 2025 అక్టోబర్‌లో బెలారస్ నుంచి సిగరెట్లు మోసుకొచ్చే బెలూన్ల వల్ల లిథువేనియా రాజధాని విల్నియస్ విమానాశ్రయాన్ని పలుసార్లు మూసేశారు. అలా విమానం రద్దయితే నష్టపరిహారం రాదు, అది ఎయిర్‌లైన్ తప్పు కాదు కాబట్టి. కానీ టికెట్ డబ్బు వాపసు గానీ వేరే విమానం గానీ, ఎదురుచూసినంతసేపు భోజనం, రాత్రయితే బస, యూరప్ నిబంధనల ప్రకారం ఇవ్వాల్సిందే. కౌంటర్ దగ్గర ఇవ్వకపోతే రసీదులు దాచుకుని తర్వాత అడగమనండి.

ఇంట్లో మూడు రోజులకు సరిపడా సరుకు ఉంచుకోమని యూరోపియన్ యూనియన్ 2025 మార్చిలో అందరికీ చెప్పింది. మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్లు, వండకుండా తినగలిగేవి, పవర్ బ్యాంక్, టార్చ్, బ్యాటరీ రేడియో, చిన్న నోట్లలో కొన్ని యూరోలు. కరెంటు పోతే కార్డు పనిచేయదు, అందుకే నోట్లు. వాడే మందులుంటే వాటి జనరిక్ పేర్లు రాసి పెట్టుకోవాలి, మన బ్రాండ్ పేర్లు అక్కడి ఫార్మసీలకు తెలియవు. ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆపేసి ఉంటే మళ్లీ ఆన్ చేయమనండి. అత్యవసర నంబర్ 112.

విల్నియస్‌లో 2023 నుంచి భారత రాయబార కార్యాలయం ఉంది. అక్కడ పేరు, ఇప్పటి అద్దె ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ నమోదు చేయించాలి. చిరునామా మారిన ప్రతిసారీ మార్చాలి. చాలామంది పిల్లలు మొదటి ఏడాది హాస్టల్ చిరునామా ఇచ్చి వదిలేస్తారు. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కార్డు గడువు చూసుకోవాలి. ఆ కార్డు చెల్లుబాటులో ఉంటే మిగతా షెంజెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు, అంటే పోలండ్‌కో స్వీడన్‌కో వీసా లేకుండా వెళ్లవచ్చు. రెన్యువల్ మధ్యలో కార్డు చేతిలో లేకపోతే ఈ వీలు ఉండదు కాబట్టి, దరఖాస్తు వీలైనంత ముందుగా పెట్టించండి.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో మొదట మూతపడింది ఆకాశం. మన పిల్లలు రైళ్లలో, బస్సుల్లో, కొంతమంది నడిచి పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు చేరాకే భారత ప్రభుత్వం ఆపరేషన్ గంగా పేరుతో పంపిన విమానాలు ఎక్కారు. కౌనస్ నుంచి నేల దారి మరియంపోలె, కల్వారియా మీదుగా పోలండ్‌కు, అంటే పైన చెప్పిన సువాల్కి గుండానే. రెండో దారి క్లైపెడా ఓడరేవు. అక్కడి నుంచి స్వీడన్‌లోని కార్ల్స్‌హామ్‌కు, జర్మనీలోని కీల్‌కు ఫెర్రీలు ఉన్నాయి. మూడోది రీగా, టాలిన్ మీదుగా హెల్సింకీకి ఫెర్రీ. మూడింటిలో ఏది పట్టుకోవాలన్నది అప్పటికప్పుడు ఎంబసీ సలహాను బట్టి. సలహా వచ్చిన రోజే బయల్దేరాలి, ఉక్రెయిన్‌లో పరీక్షలున్నాయని, హాజరు తగ్గుతుందని ఆగినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. యూనివర్సిటీ ఆన్‌లైన్ క్లాసులు, హాజరు మినహాయింపు ఎలా ఇస్తుందో ఇప్పుడే డీన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోమనండి.